సత్సంగము – సమచిత్తము

మనిషికి మనిషికి నడుమ గల దూరములన్నింటిలో మిక్కిలి పెద్దది మనస్సునకు మనస్సునకు నడుమ గల దూరము. ఒకే ఇంట పుట్టి, ఒకే కంచమున తిని పెరిగిన అన్నదమ్ములు సైతము ఒకరి తలపు నొకరు చూడజాలరు. భార్య పడు బాధను భర్త ఊహింపగలడే గాని అనుభవింపలేడు. ప్రతి జీవియు తన పుఱ్ఱె అను నాలుగు గోడల నడుమ ఒంటరి కాపురము చేయుచున్నట్లే తోచును. అయినను హరికథ జరుగుచున్న పందిరి క్రిందికి పోయి చూచిన వేరొక దృశ్యము కానవచ్చును. దాసుగారు చిడతలు నిలిపి, సీతమ్మ అశోకవనమున ఒంటరిగా కూర్చున్న ఘట్టమును మెల్లగా చెప్పునప్పటికి నూర్గురి కన్నులు ఒక్కసారిగా చెమర్చును. ఆంజనేయుడు ఉంగరము చూపెననగానే నూర్గురును ఒక్క నిట్టూర్పు విడుతురు. ఎవరి పుఱ్ఱె వారిది, ఎవరి గుండె వారిది. మరి ఆ కన్నీరు అందరికిని ఒక్క క్షణముననే ఎట్లు వచ్చినది?

ఈ ప్రశ్న నేటిది కాదు. ఋగ్వేదమున 10 మండలములు, 1,028 సూక్తములు కలవు. వానిలో కడపటిది, పదవ మండలమునందలి 191వది, సంజ్ఞాన సూక్తమని ప్రసిద్ధి కెక్కినది. నాలుగే ఋక్కులు గల చిన్న సూక్తమది. మొదటి ఋక్కు అగ్నిదేవుని సంబోధించుచున్నది. తక్కిన మూడింటి తాత్పర్యము ఒక చోట కూడిన మనుష్యులను గూర్చినది. వారి నడకయు, మాటయు, తలపును ఒక్కటి కావలెనని ఆ ఋక్కుల ఆకాంక్ష. అంతటి మహావాఙ్మయము ముగియుచు తన చివరి మాటను దేవతలతో గాక మనుష్యులతో పలుకుట గమనింపదగిన విశేషము. మనస్సులు కలియుట దానంతటది జరుగు పనియే యైనచో దానికై ప్రార్థింపవలసిన అవసరము ఋషులకు కలిగెడిది కాదు.

పెద్దలు ఈ సత్యమును అనుభవముతో నెరిగిరి. దానిని కొలిచి చూపుట ఇటీవలి శాస్త్రజ్ఞుల పని యైనది. ఆ కథ ఒక గుఱ్ఱముతో మొదలగుచున్నది. జర్మనీ దేశమున హాన్స్ బెర్గర్ అను యువకుడు 19వ శతాబ్దపు చివరి దశకమున సైనిక శిక్షణ పొందుచుండగా గుఱ్ఱము మీదనుండి జారిపడెను. ఆ దారినే వచ్చుచున్న ఫిరంగి బండి వెంట్రుకవాసిలో ఆగుటచే బ్రతికి బయటపడెను. ఆనాడే ఎంతో దూరమున నున్న అతని సోదరి, తోబుట్టువునకు ఏదో ఆపద వచ్చినదని కలతపడి, తండ్రిచేత తంతి ఇప్పించెను. ఈ సంఘటన బెర్గర్ జీవితమును మలుపు త్రిప్పెను. అతడు వైద్యుడై, యేనా నగరమున మానసిక రోగులకు చికిత్స చేయుచు, తలపునకు భౌతికమైన ఆధారమేదని వెదకసాగెను. 1924లో మొట్టమొదటిసారిగా మానవుని మెదడునందలి విద్యుత్తరంగములను గ్రహించి, 1929లో వానిని లోకమునకు వెల్లడించెను. నేడు ఆసుపత్రులలో ఇ.ఇ.జి. యను పేర జరుగు పరీక్ష ఆయన శ్రమకు ఫలము. ఒక తల నుండి మరియొక తలకు తలపు ఎట్లు ఎగిరిపోవునో ఆయన కనుగొనలేదు. వెదకినది ఒకటి, దొరికినది మరొకటి. అయినను ఆయన తెరచిన తలుపు గుండానే తరువాతి తరముల వారు లోనికి పోయి, ఒకరి మెదడు నడకను మరొకరి మెదడు నడకతో పోల్చి చూడగలిగిరి.

చెప్పువాడు – వినువాడు

2010లో అమెరికాయందలి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన స్టీఫెన్స్, సిల్బర్ట్, హాసన్ అను మువ్వురు పరిశోధకులు ఒక ఫలితమును ప్రకటించిరి. ఎం.ఆర్.ఐ. యంత్రమున పరుండబెట్టి ఒక వ్యక్తిచేత సొంత జీవితమునందలి కథ నొకదానిని చెప్పించిరి. ముందుగా వల్లించుకొన్న కథ కాదది, ఇంటిలో కూర్చుండి ఆప్తులకు చెప్పునట్టిది. చెప్పుచున్నంతసేపు మెదడునందు ఏ భాగమున ఎప్పుడు చురుకు పుట్టినదో యంత్రము వ్రాసికొన్నది. తరువాత ఆ కథను కొందరికి వినిపించి వారి మెదళ్లను సైతము అట్లే పరిశీలించిరి. వినువారి మెదడు చెప్పువారి మెదడును వెన్నంటి నడచుచున్నట్లు తేలినది. కథకుని తలలో ఏ చోట కదలిక పుట్టినదో, కొంచెము ఆలస్యముగా శ్రోత తలలోను అనేక భాగములయందు అట్టి కదలికయే పుట్టుచుండెను. ఈ పొంతన ఎవరిలో హెచ్చుగా కనబడినదో వారే కథను బాగుగా అర్థము చేసికొనిరి.

అది కేవలము శబ్దము చెవిని తాకుటచే కలిగిన ఫలమేమో యను సందేహము రావచ్చును. ఆ సందేహమును తీర్చుకొనుటకే వారు రష్యన్ భాషలో చెప్పిన కథను ఆ భాష రాని వారికి వినిపించిరి. శబ్దము చెవిలో పడినది, గొంతులోని ఎత్తుపల్లములు వినబడినవి, కాని చెప్పువారితో ఆ పొంతన కలుగలేదు. చెవికి సోకినంత మాత్రమున వినుట కాదని దీనివలన స్పష్టమగుచున్నది. రాత్రంతయు రామాయణము విని తెల్లవారి రామునకు సీత ఏమగునని అడిగినవానిని గూర్చి తెలుగువారు చెప్పుకొను సామెతలో ఉన్న సత్యమిదియే. వాడు పందిరి క్రిందనే యున్నాడు. వానికి భాష వచ్చును. వాని మనస్సు మాత్రము కథకుని వెంట నడువలేదు.

తెలుగింట అమ్మమ్మ కథ చెప్పుటకు ముందు పిల్లలకు విధించు నియమము ఒక్కటే: ఊ కొట్టవలెను. ఊ ఆగినచో కథ ఆగును. పైకి చూచుటకు చిన్న ఆటవలె కనబడు ఈ ఆచారమున గొప్ప మర్మము దాగియున్నది. ఊ యనునది వినువాడు చెప్పువానికి చేయు దానము. నీ వెంటనే నడచుచున్నానని, దారి తప్పలేదని తెలుపు గుర్తు. బుఱ్ఱకథలో ఇరుప్రక్కల నిలిచిన వంతలు తందాన పలుకుట సైతము ఈ పనికే. చెప్పేవానికి వినేవాడు లోకువ యను మాట లోకమున కలదు గాని, నిజమునకు కథ నడుచుట వినువాని చేతిలోనే యున్నది.

ఆ పరిశోధనలోనే మరియొక వింతయు బయటపడినది. మెదడునందలి కొన్ని భాగములలో శ్రోత కథకునికంటె ఒక అడుగు ముందే యుండెను. రాబోవు మాటను ముందుగానే అందుకొనుటకు అతని మెదడు సిద్ధపడుచుండెను. అట్టి ముందుచూపు ఎంత హెచ్చుగా నున్నదో అవగాహన అంత హెచ్చుగా నుండెను. అనగా మంచి శ్రోత పాత్రలో నీరు పోసినట్లు ఊరక నింపబడువాడు కాడు. అతడు ఎదురేగి స్వాగతించువాడు. భాగవతమున పరీక్షిన్మహారాజు ఇట్టి శ్రోతకు ఆదర్శము. ఏడు దినములలో మరణము తప్పదని తెలిసియు గంగాతీరమున కూర్చుండి శుకమహర్షిని అడుగుచునే యుండెను. అతని ప్రశ్న లేకున్నచో శుకుని వాక్ప్రవాహము అట్లు సాగెడిది కాదు. ప్రహ్లాదుడు తొమ్మిది విధముల భక్తిని ఎన్నుచు శ్రవణమును మొట్టమొదట నిలిపినాడు. కీర్తనము దాని తరువాతనే. వినుట రానివానికి పాడుటయు రాదు.

భావమును బట్టి ఫలము

వినుటకు ముందు మనస్సు ఎట్లున్నదో దానిని బట్టి విన్నది మారిపోవును. ప్రిన్స్‌టన్ పరిశోధకులే 2017లో దీనిని నిరూపించిరి. ఒక భర్త రాత్రివేళ తన స్నేహితునకు ఫోను చేసి, భార్య ఇంటికి రాలేదని వాపోవు కథ యది. సాలింజర్ అను అమెరికా రచయిత వ్రాసినది. వినువారిని రెండు జట్లుగా చేసి, ఆమె దోషము చేసినదని ఒక జట్టునకు, భర్తదే అనుమానపు స్వభావమని రెండవ జట్టునకు ముందుగా నాలుగు మాటలు చెప్పిరి. తరువాత వినిపించిన కథ ఇరువురికిని ఒక్కటియే. ఒకే జట్టువారి మెదళ్లు ఒకదానితో నొకటి పొంతన గలిగి నడచినవి. వేరు జట్టువారి మెదళ్లు కొన్ని ముఖ్యమైన భాగములయందు వేరు దారిని పట్టినవి.

పురాణ శ్రవణమునకు ముందు సంకల్పము చెప్పుకొనుట, దీపము వెలిగించుట, ఒక్క నిమిషము కన్నులు మూసికొని ఇష్టదైవమును తలచుట ఎందుకని ప్రశ్నించువారికి ఇది చక్కని సమాధానము. పదిమంది పది తగవులు మోసికొని వచ్చి కూర్చున్నచో ఒక్క కథ పది కథలగును. పదిమందియు ఒక్క భావముతో కూర్చున్నచో కథ ఒక్కటిగా నిలిచి, పది మనస్సులను ఒక్క త్రాటిపై నడిపించును.

ఊపిరియు, నామమును

కథ కంటె గానము మరింత త్వరగా మనుష్యులను కలుపును. 2009లో బెర్లిన్ నగరమున మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన పరిశోధకులు 8 జంటల గిటారు వాద్యకారుల తలలపై ఇ.ఇ.జి. తొడుగులను అమర్చి, ఒకే గీతమును కలిసి వాయింపజేసిరి. తాళమును సరిచూచుకొనుచు మొదలుపెట్టుచున్నప్పుడును, కలిసి వాయించుచున్నప్పుడును ఇరువురి మెదళ్ల తరంగములు ఒక్క లయకు వచ్చుట కనబడినది. 2011లో ఆ సంస్థవారే 11 మంది బృందగాయకులను, వారిని నడిపించు నాయకుని పరీక్షించిరి. పాడుచున్నంతసేపు వారి ఊపిరులును, గుండె చప్పుళ్ల హెచ్చుతగ్గులును ఒకదానితో నొకటి కలిసి సాగినవి. వేర్వేరు స్వరముల నెత్తుకొని పాడునప్పటికంటె అందరును ఒక్క స్వరమున పాడునప్పుడు ఆ కలయిక హెచ్చుగా నుండెను.

దీనియందు ఇంద్రజాలమేమియు లేదు. గాలిని లోనికి పీల్చునప్పుడు గుండె ఒకింత వేగమందుకొనును. మెల్లగా విడుచునప్పుడు నెమ్మదించును. పాట యనగా క్రమమైన ఊపిరియే. పాదము పాడునంతసేపు ఊపిరిని విడుతురు, పాదము ముగిసినచోట అందరును ఒక్కమారుగా పీల్చుకొందురు. స్వీడన్ దేశపు పరిశోధకులు 2013లో యువతీయువకులచేత ఊరక కూనిరాగము తీయించి, ఒక స్తోత్రగీతమును పాడించి, ఒక మంత్రమును నెమ్మదిగా పలికించి చూచిరి. పాటకు ఎంత క్రమమైన నిర్మాణమున్నదో గుండెల నడక అంతగా ఒక్కటయ్యెను.

తెలుగునాట భజన సంప్రదాయమును రూపొందించినవారు ఈ కొలతలను చూచినవారు కారు. అయినను నాయకుడు ఒక పాదము నెత్తుకొనుట, తక్కినవారు దానినే తిరిగి పలుకుట, తాళములు తప్పక నడుచుట, చివరకు వేగము హెచ్చి ఒక్కసారిగా నిలుచుట అను క్రమమును వారు ఎంత చక్కగా అమర్చినారో చూడవచ్చును. దానికి పాండిత్యము అక్కరలేదు, మధురమైన గొంతు అక్కరలేదు. ప్రక్కవానితో పాటు ఊపిరి తీయగలిగినవాడు చాలును. కోలాటమున కఱ్ఱకు కఱ్ఱ తాకించు యువకుడును, చెక్కభజనలో అడుగు కలుపు వృద్ధుడును పొందుచున్న భాగ్యమిదియే. తిరుమల మెట్లదారిలో ముందు పోవువారు గోవింద నామమును పలుకగా వెనుకనుండి తెలియని యాత్రికులు బదులు పలుకుదురు. ఆ యొక్క క్షణమున ఏ ఊరివాడు, ఏ కులమువాడు, ఎంత ధనము గలవాడు అను ప్రశ్న నిలువదు. అందరి ఊపిరియు ఒక్క నామముపై నడచుచుండును.

అగ్నిగుండము చెంత

స్పెయిన్ దేశమున సాన్ పెద్రో మాన్రికే అను చిన్న గ్రామము కలదు. అచట ఏటేట జూన్ 23వ తేది నడిరేయి, సెయింట్ జాన్ పండుగ సందర్భమున, ఊరివారు కణకణలాడు నిప్పులపై వట్టి కాళ్లతో నడుతురు. ఆత్మీయులలో ఒకరిని వీపుపై మోసికొని నిప్పులను దాటుట వారి ఆచారము. వీరభద్రస్వామి ఉత్సవములలో అగ్నిగుండము త్రొక్కువారిని చూచిన తెలుగువారికి ఆ దృశ్యము ఏమాత్రము క్రొత్త కాదు. కొందరు పరిశోధకులు నిప్పులపై నడచువారికిని, చూచువారికిని గుండె చప్పుడును లెక్కించు పరికరములను కట్టి, తాము కనుగొన్న సంగతిని 2011లో ప్రకటించిరి.

నిప్పులపై నడచువాని గుండె వేగముగా కొట్టుకొనుట సహజము. ఒడ్డున కదలక నిలిచి చూచుచున్న అతని బంధుమిత్రుల గుండెలును అతని గుండెతో పాటే ఎగసి, దానితో పాటే దిగినవి. అదే సమయమున, అదే చోట నిలిచి, అదే నిప్పును చూచుచున్న పరాయి యాత్రికుల గుండెలు మాత్రము అట్లు నడువలేదు. వెలుగు ఒక్కటే, చప్పుడు ఒక్కటే, వేడి ఒక్కటే. తేడా బంధుత్వముననే కలదు. చూచిన దృశ్యము వలననే గుండెలు కలియునని వాదించుటకు ఇచట తావు లేదు. కొడుకు నిప్పులలో అడుగిడునప్పుడు తల్లి గుండెయు ఆ నిప్పులపైనే నడచుచుండును.

దీనినుండి భక్తుడు నేర్వవలసిన పాఠము సూటియైనది. ఉత్సవమునకు వచ్చినవారందరును ఉత్సవమును పొందినవారు కారు. రథము లాగువానిని తనవాడని తలచినవానికే రథోత్సవపు ఆనందము దక్కును. తక్కినవారికి అది ఒక వేడుక మాత్రమే. పరాయివానిని తనవానిగా చేసికొనుట ఎట్లను ప్రశ్నయే ధర్మమార్గమునందలి అసలైన సాధన.

తల్లి ఒడి, చేతి స్పర్శ

ఆ సాధనకు తొలి పాఠశాల తల్లి ఒడి. 2020లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు తొమ్మిది మొదలు పదునైదు నెలల వయస్సు గల పసిబిడ్డలను గూర్చిన పరిశోధన నొకదానిని వెలువరించిరి. ఒక పెద్దవ్యక్తి బిడ్డకు ఎదురుగా కూర్చుండి ఆటలాడించి, పాట పాడి, కథ చదివినప్పుడు ఇరువురి మెదళ్లును ఒక్క లయలో నడచినవి. అదే వ్యక్తి ప్రక్కకు తిరిగి వేరొకరితో ముచ్చటించునప్పుడు ఆ లయ తెగిపోయెను. బిడ్డ అదే గదిలోనే యున్నది, ఆ గొంతును వినుచునే యున్నది. తనవైపు తిరిగియున్న ముఖము మాత్రము లేదు. వింతయేమనగా కలిసి ఆడుకొనునప్పుడు కొన్ని క్షణములలో బిడ్డ మెదడే ముందు నడచి పెద్దవారి మెదడును తన వెంట గొనిపోవుచుండెను. లాలిపాట పాడు తల్లి బిడ్డను నిద్రపుచ్చుచున్నాననుకొనును. నిజమునకు ఆ పసికందే ఆమెను నడిపించుచుండును.

ఇంక చేతి స్పర్శ మాట. ఇజ్రాయెల్ దేశమునందలి హైఫా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో 22 దంపతులను గూర్చిన ఫలితమును ప్రకటించిరి. భార్య చేతికి ఓర్వదగినంత వేడి తగిలించి నొప్పి కలిగించిరి. ఆ సమయమున భర్త ఆమె రెండవ చేతిని పట్టుకొన్నచో ఇరువురి మెదళ్ల పొంతన హెచ్చినది. ఆ పొంతనతో పాటు ఆమె నొప్పియు తగ్గినది. రోగి మంచము ప్రక్కన కూర్చుండి ఏమి చేయవలెనో తెలియక బాధపడువారికి ఇది ఊరట కలిగించు సంగతి. మందు ఇచ్చుట వైద్యుని పని. చేయి పట్టుకొని కూర్చుండుట ఎవరైనను చేయగల సేవ.

నేడు ఎందరో తెలుగు తల్లిదండ్రుల బిడ్డలు సముద్రముల కావలనున్నారు. సాయంకాలము ఫోనులో ముఖము చూచుకొని మాటలాడుకొనుటయే వారికి పండుగ. 2022లో వెలువడిన ఒక పరిశోధనలో 62 మంది తల్లులను, వారి బిడ్డలను ఎదురెదురుగా కూర్చుండబెట్టియు, వేర్వేరు గదులలో నుంచి తెరపై మాటలాడించియు చూచిరి. ఎదురుగా నున్నప్పుడు ఇరువురి మెదళ్ల నడుమ 9 విధములైన సంబంధములు కనబడినవి. తెరపై మాటలాడినప్పుడు ఒక్కటే మిగిలినది. తెర ద్వారా కలిగిన ఆ యొక్క సంబంధమును తక్కువ చేయరాదు, చీకటిలో అదియొక దీపమే. కాని ఒకే కప్పు క్రింద నున్నవారు ఎవరి తెర వారు చూచుకొనుచు, చేతికందిన తొమ్మిదింటిని జారవిడుచుకొనుట కంటె శోచనీయమైనది లేదు. దేవుని కల్యాణమును దూరదర్శనమున చూచుట మంచిదే. నడువగలిగినవాడు గుడి మంటపమున పదిమంది నడుమ కూర్చుండి చూచుట దానికంటె మంచిది.

‘సత్’ లేని సంగము

ఇంతవరకు చెప్పినదానిని హద్దు మీరి పెంచుకొనరాదు. ఒక తల నుండి మరియొక తలకు తరంగములు ఎగిరిపోవునని ఈ పరిశోధనలేవియు చెప్పలేదు. ఒకే వానలో తడిసిన ఇరువురి బట్టలు తడియుట సహజమైనట్లు, ఒకే పాట విన్నవారి మెదళ్లు కొంతవరకు ఒకే తీరున నడుచుటయు సహజమే. దానికి పైబడి కలుగు పొంతన ఎంత, దానికి కారణమేమి అను విషయమున శాస్త్రజ్ఞుల నడుమ చర్చ సాగుచునే యున్నది. కన్ను, చెవి, మాట, స్పర్శ, ఊపిరి అను వంతెనల మీదుగానే మనస్సులు చేరువగునని మాత్రము చెప్పవచ్చును. భగవంతుడు ఇంద్రియములను ఇచ్చినది లోకమును అనుభవించుటకు మాత్రమే కాదు, తోటివానిని చేరుటకును.

అంతకంటె ముఖ్యమైన హెచ్చరిక మరియొకటి కలదు. మనస్సులు కలియుట తనంతట తాను పుణ్యము కాదు. భజన చేయు పదిమంది ఊపిరి కలిసినట్లే, అమాయకుని చుట్టుముట్టి కేకలు వేయు మూక ఊపిరియు ఒక్కటి కాగలదు. పుకారు విని పరుగెత్తు గుంపులో ఎవని బుద్ధియు వానిది కాదు. మహాభారతమున ద్రౌపదిని కురుసభకు ఈడ్చుకొని వచ్చిననాడు పెద్దలందరును ఒక్క తీరుననే తలలు వంచుకొని కూర్చుండిరి. అదియు ఒక విధమైన ఏకత్వమే. ఆ మౌనమును చీల్చి మాటలాడినవాడు విదురుడు, అతనితో పాటు కౌరవులలోనే పిన్నవాడైన వికర్ణుడు. లంకలో రావణుని కొలువంతయు ఒక్క గొంతుతో వంతపాడుచుండగా విభీషణుడు ఒక్కడే లేచి వేరు మాట పలికెను. ఆనాటి సభలలో ధర్మము లయ తప్పినవాని ప్రక్కననే నిలిచినది.

అందుచేతనే పెద్దలు ‘సంగము’ అని ఊరకుండక, దానికి ముందు ‘సత్’ అను మాటను చేర్చిరి. సంగమును యంత్రములు కొలువగలవు. ఎవరి గుండె ఎవరి గుండెతో నడచినదో అవి గీతలు గీచి చూపును. ఆ గుండెలు దేనికొరకు కలిసినవో, కలిసి ఏమి చేయబోవుచున్నవో చూచుట యంత్రములకు అలవి కాదు. అది వివేకము చేయవలసిన పని. సంగమునుండి లేచి ఇంటికి పోవునప్పుడు మనస్సు మరింత మెత్తబడినచో, శత్రువునందును ఒక మంచిని చూడగలిగినచో, అది సత్సంగము. పగ పెరిగి, పరాయివానిపై రోషము రగిలినచో, ఎంత మధురముగా పాడినను, ఎంతమంది కూడినను అది సత్సంగము కాదు.

గృహస్థునకు

గృహస్థు దీనిని ఆచరణలో పెట్టుట ఎట్లు? గొప్ప ఏర్పాట్లు అక్కరలేదు. సంధ్యాదీపము పెట్టిన తరువాత ఇంటిల్లిపాదియు పావుగంట ఒక్కచోట కూర్చుండవలెను. ఒకరు చెప్పవలెను, తక్కినవారు వినవలెను. చెప్పునది పురాణకథయే కానక్కరలేదు. నాడు పొలమున జరిగినదో, బడిలో జరిగినదో, కచేరిలో జరిగినదో కావచ్చును. ఆ పావుగంట ఎవరి చేతిలోను తెర ఉండరాదు. ముఖము చెప్పువానివైపు తిరిగి యుండవలెను. అమ్మమ్మ నేర్పిన ఊ మరల ఇంటిలో వినబడవలెను. ఇంటిలో మాట వినువారు లేని ముసలివారు ఎందరో కలరు. వారు చెప్పినదే చెప్పుచున్నారని విసుగుకొనుట కంటె, ఎవరును విననందుననే మరల చెప్పుచున్నారేమో యని తలచి ఒక్కమారు నిండుగా విన్నచో అది దేవతార్చనకు తీసిపోదు.

గుడిలో కూర్చున్నప్పుడు ప్రక్కన నున్నవానిని కుశలమడిగి కూర్చుండుట మంచిది. న్యూయార్కు నగరమున ఒక పాఠశాలలో 12 మంది విద్యార్థులకు పాఠములు జరుగుచుండగా పరీక్షలు జరిపి, 2017లో వెలువరించిన ఫలితము దీనికి సాక్ష్యము. పాఠమునకు ముందు కొద్దిసేపు ఒకరి ముఖము నొకరు చూచుకొన్న ఇరువురి మెదళ్లు, తరువాత పాఠము వినునప్పుడు మరింత పొంతనతో నడచినవి. గర్భగుడివైపు చూచుటకు ముందు ప్రక్కవాని కన్నులలోనికి ఒక్కసారి చూచుట చాలును. స్వామి దర్శనమునకై వరుసలో నిలిచి నామమును పలుకుచునే ముందున్న వృద్ధురాలిని మోచేతితో త్రోయువాని నాలుక ఒక దారిని, గుండె మరొక దారిని పోవుచున్నవి. అతడు పలికిన నామమును ఆమె వినియుండవచ్చును గాని, ఆమె మనస్సునకు చేరినది మోచేయి మాత్రమే.

ధ్వనివర్ధకము నుండి ముద్రించిన పాట మ్రోగుచుండగా భక్తులు మౌనముగా నిలుచుట నేడు పలు ఆలయములలో సాధారణమైనది. గొంతు బాగున్నను బాగులేకున్నను భక్తులే నోరువిప్పి పాడు గుడిలో ఉన్న జీవము దానియందు లేదు. వారమున కొక్కనాడైనను ఆ యంత్రమును ఆపి, పదిమంది కూడి పాడుట ప్రతి గ్రామమున పునరుద్ధరింపదగిన ఆచారము. అట్లు పాడునప్పుడు ఎన్నడును గుడి మెట్టెక్కని పొరుగువానిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నవాడు స్వామికి మిక్కిలి ప్రియమైన పుష్పమును సమర్పించినవాడగును.

ప్రతి మనస్సును వేరువేరు దీపముగా వెలిగించిన పరమాత్మయే, ఒక దీపమునుండి మరియొక దీపమును వెలిగించుకొను నేర్పును సైతము మానవునకు ప్రసాదించెను. వెలిగించుటకు వత్తి వంగవలెను. వినుట యనగా అట్లు వంగుటయే. అట్టి వినయమును సర్వాంతర్యామి ప్రతి గృహమునకును, ప్రతి సభకును అనుగ్రహించుగాక! కూడినవారి ఊపిరి ధర్మముపై నడచుగాక! ఒంటరియైన ఏ ప్రాణి గుండె చప్పుడును వినువారు లేక వ్యర్థము కాకుండుగాక!